బొంతకు దక్కిన గోడ

మ్యూజియంకి వెళ్ళినప్పుడు మనం ఏం చేస్తాం? టిక్కెట్లు కొనుక్కుంటాం. పిల్లల చేతులు పట్టుకుని, "అది ముట్టుకోకు, ఇటు రా, అటు పోకు" అంటూ గది తర్వాత గది దాటుకుంటూ పోతాం. హైదరాబాదులో సాలార్ జంగ్ మ్యూజియం అయితే గంట కొట్టే గడియారం ముందు జనంలో ఇంత చోటు చూసుకుని నిలబడతాం. పాలరాతి మేలిముసుగు వేసుకున్న రెబెక్కాని చూసి, రాయిని అంత పల్చగా ఎలా చెక్కాడమ్మా అని ముక్కున వేలేసుకుంటాం. ఇంటికొచ్చి, కాళ్ళు పీకుతున్నాయని చతికిలబడతాం. అంతే!

ఒక్క ప్రశ్న మాత్రం మనకి తట్టదు. ఈ బొమ్మని అద్దాల బీరువాలో కూర్చోబెట్టి, దాని తోబుట్టువులాంటి ఇంకో బొమ్మని సామాన్ల గదిలో ఉంచేసిందెవరు? ఇది కళ, అది కాదు అని తేల్చిందెవరు? బొమ్మ కింద ఆ నాలుగు ముక్కల చీటీ రాసిందెవరు?

ఆ మనిషిని క్యూరేటర్ అంటారు. సంరక్షకుడంటే కాపలాదారులా వినిపిస్తుంది, అధికారి అంటే మరీ తాసిల్దారులా ఉంటుంది. అందుకని క్యూరేటర్ అనే అనుకుందాం. పెద్ద మ్యూజియాల్లో ఒక్కో దేశపు కళకి ఒక్కో విభాగం ఉంటుంది. ప్రతి విభాగానికీ ఓ పెద్ద. ఉన్న డబ్బుతో ఏది కొనాలి, ఎవరైనా ఊరికే ఇస్తామంటే ఏది పుచ్చుకోవాలి, దేన్ని నొప్పించకుండా వద్దనాలి, ఏది చెమ్మకి పాడవుతుంది, ఏది వెలుతురుకి వెలిసిపోతుంది, దేని పక్కన దేన్ని పెడితే రెండూ రాణిస్తాయి... ఇవన్నీ ఆ మనిషి చూసుకోవాలి. దేనికి ఎంత ఖర్చయిందో పైవాళ్ళకి జవాబూ చెప్పుకోవాలి. ఆలోచిస్తే ఇది పెద్ద సంసారం నడిపే ఇల్లాలి పనే! కాకపోతే ఇల్లాలి తీర్పు గడప దాటి బయటికి రాదు. క్యూరేటర్ తీర్పు రెండు మూడు తరాల కళ్ళకి చూపు నేర్పుతుంది.

అలాంటి తీర్పు ఒకటి ఒక స్త్రీ ఇచ్చింది. దాని గురించి చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

ఆవిడ పేరు స్టెల్లా క్రామ్రిష్. 1896లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, ఇప్పుడు చెక్ దేశంలో మికులోవ్ అని పిలిచే ఊళ్ళో పుట్టారు. చిన్నప్పుడు బాలే నాట్యం నేర్చుకున్నారు. వియన్నాలో చదువుకునే రోజుల్లో భగవద్గీత అనువాదం కంటపడింది. ఇక ఆ పిల్ల మనసు ఇటు తిరిగిపోయింది. మన దేశం మొహం చూడకుండానే ఇక్కడి తొలినాటి బౌద్ధ శిల్పం మీద పరిశోధన చేసి, 1919లో వియన్నా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పుచ్చుకున్నారు. తర్వాత ఇంగ్లండు వెళ్ళి ప్రసంగాలు చేస్తూంటే రవీంద్రనాథ్ టాగూరు ఆవిడ మాటలు విని, శాంతినికేతన్ వచ్చి మా పిల్లలకి చెప్పమన్నారు. అలా 1920 దశకం ఆరంభంలో బెంగాలు చేరారు. 1924 నుంచి 1950 దాకా కలకత్తా విశ్వవిద్యాలయంలో భారతీయ కళ బోధించారు. పాతికేళ్ళకి పైమాటే!

ఆ పాతికేళ్ళలో ఆవిడ గుళ్ళూ గోపురాలూ తిరిగారు, సంస్కృత వాస్తుగ్రంథాలు తిరగేశారు. 1946లో హిందూ దేవాలయం మీద రెండు పెద్ద సంపుటాలు ప్రచురించారు. ఆ విషయం మీద ఎవరు కలం పట్టినా ఇప్పటికీ ఆ పుస్తకం గడప తొక్కాల్సిందే. అయితే ఆవిడ చూపు రాతిగోపురాల దగ్గరే ఆగిపోలేదు. టాగూరుల ఇంటి ఆడపడుచు సునయనీదేవి బడికెళ్ళి నేర్చుకోకుండా, ఇంట్లోనే, సంసారం మధ్యలో బొమ్మలు వేసిన మనిషి. ఆవిడ మీద క్రామ్రిష్ వ్యాసం రాశారు. బెంగాలు పల్లెల్లో తిరుగుతూ, అక్కడి ఆడవాళ్ళు పాత బట్టలతో కుట్టుకునే కాంథాలు ఒక్కొక్కటే పోగుచేశారు.

కాంథా అంటే ఏమిటో అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. మన బొంతే! మన నిఘంటువులు తిరగేసినా 'కంథ' అంటే బొంత అని ఉంటుంది. సన్యాసి భుజాన వేసుకునే అతుకుల గుడ్డ కూడా కంథే. ఒకటే మాట, ఒకటే పని. చిరిగిన చీరలూ, నలిగిన పంచెలూ మడతల మీద మడతలు పేర్చి, అంచు నుంచి అంచుకి సన్నటి కుట్టు వేసుకుంటూ పోతారు. రంగుదారం కొనక్కర్లేదు. పాత చీర అంచులోంచే పోగులు లాగేస్తారు. అయితే బెంగాలు ఆడవాళ్ళు అక్కడితో ఆగలేదు. మధ్యలో పద్మం. నాలుగు మూలలా నాలుగు చెట్లు. మధ్య ఖాళీల్లో రథాలు, ఏనుగులు, దేవతలు, దువ్వెనలు, అడకత్తెరలు. పంతొమ్మిదో శతాబ్దపు కాంథాల్లో రైలుబండీ ఎక్కింది, టోపీ పెట్టుకున్న దొరా ఎక్కాడు! వీధిలోకి రాని మనిషి కిటికీలోంచి చూసిన లోకమంతా ఆ గుడ్డ మీదకి వచ్చేసిందన్నమాట. పసిపిల్లలకి పక్కగుడ్డ ఒకటి, పుస్తకానికి చుట్టే గుడ్డ ఒకటి, అద్దానికీ దువ్వెనకీ ఒకటి, అల్లుడికి కప్పుకోవడానికి ఒకటి... ఒక్కో అవసరానికి ఒక్కో కాంథా.

మా అమ్మమ్మ కుట్టిన బొంత మీద పద్మాలూ రైళ్ళూ లేవు. ఎండాకాలం మధ్యాహ్నాలు, అందరి భోజనాలూ అయ్యాక, వసారాలో చాప మీద పాత నేతచీరలు పరిచి, పెద్ద సూది పుచ్చుకుని కూర్చునేది. ఆ చీరల్లో ఏది ఏ పెళ్ళికి కట్టిందో, ఏది పురిటికి పెట్టిందో చెబుతూ కుట్టేది. మేం పిల్లలం సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాళ్ళం. అంతా అయ్యాక చేత్తో నిమిరి, "మెత్తగా ఉందిటే?" అనేది. అంతకు మించి మెప్పు ఆవిడ అడగలేదు, మేమూ ఇవ్వలేదు. దాన్ని కళ అని ఎవరైనా అంటే ఆవిడే నవ్వి ఉండేది.

ఇక క్రామ్రిష్ దగ్గరికి వద్దాం. 1950లో ఆవిడ బతుకు ఒక్కసారిగా తలకిందులైంది. ఆవిడ భర్త లాజ్లో నెమెన్యీ హంగరీ దేశస్థుడు, దేశవిభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉద్యోగం చేసేవారు. కరాచీ సముద్రతీరంలో తుపాకి గుండు తగిలి చనిపోయి కనిపించారు. అదే ఏడు ఆవిడ కలకత్తా వదిలి అమెరికా చేరారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సంస్కృత పండితుడు నార్మన్ బ్రౌన్ దక్షిణాసియా చదువులకి ఒక విభాగం స్థాపించి ఉన్నారు. పాఠాలు చెప్పడానికి రమ్మని పిలిచింది ఆయనే. 1954లో ఫిలడెల్ఫియా కళామ్యూజియంలో భారతీయ కళకి క్యూరేటర్ అయ్యారు. అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. మన ఇళ్ళలో మగవాళ్ళు పెన్షన్ కాగితాలు సర్దుకునే వయసు! ఆ వయసులో ఒక ఒంటరి స్త్రీ పరాయి దేశంలో ఒక విభాగం బాధ్యత నెత్తిన వేసుకుని, 1972 దాకా పద్దెనిమిదేళ్ళు నడిపారు.

ఆవిడ అడుగుపెట్టేనాటికే ఆ మ్యూజియంలో మన దేవాలయ మండపం ఒకటి ఉంది. దాని కథ కూడా ఆడవాళ్ళ కథే. 1912లో ఎడలైన్ పెప్పర్ గిబ్సన్ అనే ఫిలడెల్ఫియా ఆవిడ మదురై వెళ్ళి, మదనగోపాలస్వామి ఆలయ ఆవరణలో గుట్టపడి ఉన్న చెక్కడపు రాళ్ళు చూసి, కొని ఓడెక్కించారు. మొదటి ప్రపంచయుద్ధంలో సేవ చేయడానికి ఫ్రాన్సు వెళ్ళి, అక్కడే 1919లో కన్నుమూశారు. ఇంట్లోవాళ్ళు ఆవిడ జ్ఞాపకార్థం ఆ రాళ్ళని మ్యూజియానికి ఇచ్చేశారు. వాటిని తర్వాత స్తంభాల మండపంగా నిలబెట్టారు. ఆ శిల్పాలు 1560 ప్రాంతానివి. అప్పుడు మదురై ఏలుతున్నది ఎవరనుకున్నారు? మన తెలుగు నాయక రాజులే! తెలుగు మాట్లాడే ప్రభువుల కాలపు గరుత్మంతుడూ, హనుమంతుడూ ఇప్పుడు అమెరికాలో కొండ మీద కొలువున్నారు. ఆ మ్యూజియం మెట్ల మీదే రాకీ సినిమాలో హీరో పరుగెత్తుతాడు. మెట్లు చూసిన మన పిల్లలు లక్షల మంది. లోపలి మండపం చూసినవాళ్ళు ఎందరో!

ఇంత బరువైన రాతిమండపం చేతిలో ఉన్న క్యూరేటర్ ఏం చేస్తుంది? ఇంకాస్త రాయి కొనాలనుకుంటుంది. ఆవిడా కొన్నారు, కొనిపించారు. ఆవిడ సొంతంగా సేకరించిన శిల్పాలని 1956లో ఆ మ్యూజియమే కొన్నది. అక్కడితో ఆగి ఉంటే ఆవిడ మంచి క్యూరేటర్ అయ్యేవారు, నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాను.

1968లో ఆవిడ ఆ మ్యూజియంలో ఒక ప్రదర్శన పెట్టారు. 'ఎరుగని ఇండియా' అని దాని పేరు. గిరిజనులదీ, పల్లెవాసులదీ పూజా కళ. అహ్మదాబాదు చిత్రకారుడు హకు షా ఊరూరా తిరిగి వస్తువులు పోగుచేయడంలో తోడ్పడ్డారు. మొక్కు చెల్లించుకోవడానికి గుడి ముందు పెట్టే మట్టి గుర్రాలు, పల్లె దేవతల లోహపు బొమ్మలు, వాటితో పాటు కాంథాలు. కుమ్మరి చేసిన గుర్రం, పేరు తెలియని పడుచు కుట్టిన బొంత... ఇవి సముద్రం దాటి వెళ్ళి, పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలు వేలాడే ఇంట్లో చోటు సంపాదించుకున్నాయి. వింత వస్తువులుగా కాదు సుమండీ! జాతుల ఆచారాలు చూపించే మ్యూజియాల్లో అలాంటివి అంతకుముందూ ఉన్నాయి. అక్కడ వాటిని "వీళ్ళిలా బతుకుతారు" అని చూపిస్తారు. క్రామ్రిష్ చూపించింది, "వీళ్ళిలా ఊహిస్తారు" అని. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా అది.

ఈ ఆలోచన ఆవిడకి అమెరికాలో పుట్టింది కాదు. కలకత్తాలో ఉండగానే, 1939లోనే, కాంథా మీద ఒక వ్యాసం రాశారు. చిరిగి పనికిరాకుండా పోయిన ముక్కలని మళ్ళీ ఒక్కటి చేసి, దానికొక నిండుతనం ఇవ్వడమే కాంథా అంతరార్థం అన్నది ఆవిడ భావం. రాతిగుడి గురించి రెండు సంపుటాలు రాసిన బుర్రే బొంత గురించీ ఆలోచించింది. గుడికి మధ్యలో గర్భగుడి ఉన్నట్టే, కాంథాకి మధ్యలో పద్మం. గుడికి నాలుగు దిక్కులున్నట్టే, కాంథాకి నాలుగు చెట్లు. స్థపతికి శాస్త్రం ఉంది, ఇల్లాలికి చేతివాటం ఉంది. పోలిక మీకు తెలియకపోవడం ఏమిటి? పొద్దున్నే చుక్కలు పెట్టి ముగ్గు వేసేటప్పుడు మీరు ముందు మధ్యనే కదా మొదలుపెడతారు?

అయితే అంతా పాలూ తేనే అని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. మన దేవుళ్ళు పరాయిదేశపు గదుల్లో దీపం నైవేద్యం లేకుండా నిలబడటం చూస్తే మనసు చివుక్కుమంటుంది. కొన్న రశీదు ఉన్నంత మాత్రాన ఆ చివుక్కుమనడం పోదు. క్రామ్రిష్ పదవి వదిలిన 1972లోనే మన పార్లమెంటు పురావస్తువుల చట్టం చేసింది. అది 1976లో అమలులోకి వచ్చింది. నూరేళ్ళు దాటిన విగ్రహాన్ని దేశం దాటించే హక్కు ఇప్పుడు ఏ వ్యక్తికీ లేదు. ఈనాటి క్యూరేటర్ ఏ విగ్రహం చూసినా ముందు అడగాల్సింది "ఎంత అందంగా ఉంది" అని కాదు, "ఎక్కణ్ణించి వచ్చావమ్మా, ఎవరు తెచ్చారు నిన్ను" అని. అడగాలి కూడా.

బొంతకి ఇంకో తంటా ఉంది. గోడ ఎక్కిన బొంత ఇక బొంత కాదు. దాని మీద ఏ పసివాడూ పడుకోడు, పాలు కక్కడు. మన వైపు పుట్టిన బిడ్డని పొత్తిగుడ్డల్లో చుడతాం చూడండి, కొత్త గుడ్డ గుచ్చుకుంటుందని పాతదే వెతికి మరీ తెస్తాం. ఒంటిని తాకడానికి పుట్టిన గుడ్డ ఎవరూ తాకకూడనిదైపోయింది. పైగా గుడ్డకి వెలుతురు శత్రువు. అందుకే మ్యూజియాల్లో పాత వస్త్రాలని మసక దీపాల కింద కొన్నాళ్ళు చూపించి, మళ్ళీ చీకట్లో భద్రపరుస్తారు. మన పట్టుచీరలు ఏడాదికోసారి గాలికి వేసి మళ్ళీ పెట్టెలో పెట్టినట్టు. కానీ ఒక్కమాట. వాడిన బొంతలన్నీ చివికి మట్టిలో కలిసిపోయాయి. దాచిన బొంతలే మిగిలాయి. నూట యాభై ఏళ్ళ కిందటి ఒక ఇల్లాలు లోకాన్ని ఎలా చూసిందో ఇవాళ మనకి తెలిసిందంటే, ఒకామె వాటిని పారేయనివ్వలేదు గనకే.

క్యూరేటర్ పదవి దిగాక కూడా ఆవిడ ఊరుకోలేదు. గౌరవ హోదాలో ఆ విభాగంతోనే ఉండి, 1981లో శివుడి రూపాల మీద ఒక మహా ప్రదర్శన నిర్వహించారు. అప్పుడావిడకి ఎనభై అయిదో ఏడు! శివతత్వం మీద పెద్ద పుస్తకం ఒకటి అదే ఏడు వచ్చింది. 1982లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1993లో కన్నుమూశారు. ఆవిడ దాచుకున్న కళావస్తువులు, కాంథాలతో సహా, వీలునామా ప్రకారం 1994లో ఆ మ్యూజియానికి చేరాయి. 2009లో అదే మ్యూజియం ఆవిడ కాంథాలనీ, మరో దంపతులు సేకరించినవాటినీ కలిపి ఒక ప్రదర్శన పెట్టి, ఒక పుస్తకం కూడా వేసింది. భారతీయ కళా విభాగం పెద్ద పదవికి ఇప్పుడు స్టెల్లా క్రామ్రిష్ పేరే పెట్టారు. ఏ కుర్చీలో కూర్చున్నారో ఆ కుర్చీకి ఆవిడ పేరు వచ్చిందన్నమాట. చాలా కొద్దిమందికి దక్కే గౌరవం.

ఇదంతా చదువుతూంటే నాకు సంతోషంతో పాటు ఒక దిగులు కూడా వేసింది. సేకరించినావిడ పేరు ఉంది, కొన్నావిడ పేరు ఉంది, కుర్చీకీ పేరు ఉంది. కాంథా కింద చీటీ మీద మాత్రం చాలాసార్లు "కుట్టినవారు తెలియదు" అనే ఉంటుంది. తెలిసినవి అరుదు. కలకత్తా గురుసదయ్ మ్యూజియంలో మానదాసుందరి అనే ఆవిడ తండ్రికి కానుకగా కుట్టిన కాంథా ఉంది. దాని మీద తన పేరు తనే కుట్టుకుంది. ఎంత తెలివైనదో చూడండి! ఏ క్యూరేటరూ ఆ చీటీ చింపలేడు.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మన బొంత కూడా అంతే. వియన్నాలో పుట్టిన చదువు వచ్చి చెప్పేదాకా అది మనకి ఎలకలు కొరికే గుడ్డమూట. వీధిలో "పాత బట్టలకి స్టీలు సామాన్లు" అని కేక వినపడితే చాలు, అటక మీది మూట దిగుతుంది, గిన్నె ఒకటి వంటింట్లోకి వస్తుంది. గిన్నె అవసరమే, కాదనను. ఇల్లంతా బొంతలతో నింపుకోమనీ అనను. అటకలు మనవీ అంత పెద్దవి కావు.

కానీ ఈసారి అటక సర్దేటప్పుడు, ఒక్కటి, కనీసం ఒక్కటి పక్కన పెట్టండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే అడగండి: ఎవరు కుట్టారు, ఏ ఊళ్ళో, ఎవరి పురిటికి, ఏ చీర ముక్క ఎవరిది అని. ఆవిడ చెప్పింది చెప్పినట్టు తెల్లకాగితం మీద రాయండి. తేదీ వేయండి. ఆ కాగితాన్ని బొంత మూలకి దారంతో రెండు కుట్లు వేసి బిగించండి. ప్రపంచంలో ఏ మ్యూజియంలో చూసినా, ఎంత పెద్ద విభాగంలో చూసినా, క్యూరేటర్ చేసే మొదటి పని అదే. దానికి డాక్టరేటు అక్కర్లేదు. సూదీ దారం చాలు.